మౌనిక నిమిషం

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో, భిలాయి ఆసుపత్రిలో నన్ను పిల్లల న్యూరాలజీ విభాగానికి మార్చారు. నా హోదా సీనియర్ ఇ.ఇ.జి. టెక్నీషియన్. తలకు ఇరవై ఒక్క ఎలక్ట్రోడ్లు పేస్టుతో అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలను రికార్డు చేయడం పని. రోగి కదిలితే వాటి మీద కండరాల గీతలు పడి రికార్డు పాడవుతుంది. అప్పుడు రిపోర్టులో ‘రోగి సహకరించలేదు’ అని రాస్తాం. ఆ ముక్క నేను చాలా తేలిగ్గా రాసేవాణ్ణి.

మౌనికకు ఎనిమిదేళ్లు. సెక్టర్ 6 నుంచి తల్లి తీసుకొచ్చింది. క్లాసులో కుదురుగా ఉండదు, ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఉండిపోతుంది. అది శ్రద్ధ లోపమా, క్షణకాలం స్పృహ తప్పించే మూర్ఛా అన్నది తేలితే గాని డాక్టర్ మేడమ్ మందు మొదలుపెట్టరు. శ్రద్ధ లోపాన్ని ఇ.ఇ.జి. తేల్చలేదు. ఆ రకం మూర్ఛ ఉంటే మాత్రం సాధారణంగా పట్టిస్తుంది. అందుకు కళ్లు మూసుకుని మూడు నిమిషాలు గాఢంగా ఊపిరి తీసి వదలాలి. ఆ మూడు నిమిషాలే మౌనిక దగ్గర దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ అదే ముక్క రాశాను.

“ఏటి బాబూ, మళ్లీ అవనేదా?” అంది తల్లి. “స్కూలోల్లు కాయితం తెమ్మంటన్నారు. నానేటి సెప్పేది?”

పిల్ల ఆమె చాటు నుంచి, బడి హిందీ కలిపి, “ఈ అంకుల్ ఝూఠా హై అమ్మా. ఏక్ మినట్ అంటాడు, అవ్వదు” అని నన్ను అబద్ధాలకోరును చేసింది.

ఇంట్లో కాస్త భయం పెట్టండి అని తల్లిని కసిరాను.

మేడమ్‌కు ఇదంతా ఫిర్యాదుగా చెప్పాను. ఆవిడ పిల్లను పిలిచి, కళ్లు మూసుకుని, నిమిషం అయిందనిపించగానే చెయ్యి ఎత్తమన్నారు. స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది. ఇరవై ఒక్క సెకన్లకే చెయ్యి లేచింది. నాటకం అనుకున్నాను. రెండోసారి ఇరవై మూడు. మూడోసారి ఇరవై. నాటకం మూడుసార్లూ అంత దగ్గరగా కుదరదు. శ్రద్ధ లోపం ఉన్న పిల్లల్లో కొందరికి, కాలాన్ని లెక్కగట్టే మెదడు భాగాల పని తేడాగా ఉంటుందని మేడమ్ చెప్పారు.

నాకు ఏదో తట్టింది. దాదాపు పరుగున వెళ్లి పాత రికార్డు తెరిచాను. మా మెషీన్‌లో తరంగాలతో పాటు వీడియో, మాటలు కూడా ఉంటాయి. నా గొంతు వినిపించింది: “అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం.” తరంగాలు శుభ్రంగా నడిచాయి. ఇరవై సెకన్ల తర్వాత కదలిక గీతలు. మళ్లీ నా గొంతు, మళ్లీ ఇరవై సెకన్ల శుభ్రమైన తరంగాలు, మళ్లీ గీతలు. అలా ఏడుసార్లు. నా సర్వీసులో ఏ రికార్డూ నా గుండెను అంత వేగంగా కొట్టించలేదు, అంత సిగ్గుపడేలానూ చేయలేదు. అడిగిన ప్రతి నిమిషాన్నీ ఆ పిల్ల తన లెక్కలో పూర్తిగా ఇచ్చింది. సహకరించనిది నేను.

మర్నాడు మూడోసారి పడుకోబెట్టాను. నిమిషం మాట ఎత్తలేదు. మా తెర మీద ఒక్కో పేజీ పది సెకన్లు. పేజీ మారినప్పుడల్లా మంచం మీద ఒకసారి తడతానని, పద్దెనిమిది తట్లతో అయిపోతుందని చెప్పాను.

“పక్కా?”

“పక్కా. పందొమ్మిదోది పడితే లేచి వెళ్లిపో.”

పదకొండో తట్టు దగ్గర కాలి బొటనవేలు కదిలి, ఆగింది. మూలన తల్లి వేళ్ల మీద లెక్కపెడుతోంది. పదిహేడు. పద్దెనిమిది.

“ఖతమ్?”

“ఖతమ్.”

పద్దెనిమిది పేజీలూ శుభ్రంగా వచ్చాయి. మూర్ఛ జాడ లేదు. మేడమ్ ఆ రోజే స్కూలుకు కాగితం రాసిచ్చి, శ్రద్ధ లోపానికి చికిత్స మొదలుపెట్టారు. కసిరినందుకు తల్లిని క్షమించమన్నాను. “సర్లెండి బాబూ, ఇంట్లో నానూ దానికి ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనే సెప్తాను” అందామె.

రిపోర్టులో ఆ ముక్క రాసి పంపేసిన పిల్లలు అంతకుముందు ఎందరో నాకు తెలియదు. వాళ్ల రిపోర్టులు దిద్దే వీలూ లేదు. మిగిలిన రెండేళ్లూ, ‘సహకరించలేదు’ అని రాసే ముందు వీడియో పెట్టుకుని నా గొంతు విన్నాను. చాలాసార్లు రాయనక్కర్లేకపోయింది.