గులాబీ పురుగుకు నోరిచ్చిన యేడు

జనగామ కొత్త జిల్లా అయ్యాక వచ్చిన రెండో వానాకాలంలో నన్ను బచ్చన్నపేటకు మండల వ్యవసాయాధికారిగా వేశారు. మండలంలో ఎటు చూసినా పత్తే, పత్తితో పాటే గులాబీ రంగు పురుగు. ఈ పురుగు పద్ధతి తెలిసిన దొంగ. పూవులో దూరి రెక్కల్ని కుట్టేసినట్టు మూసేస్తుంది. అలా విచ్చుకోని వాటిని గుడ్డిపూలు అంటాం. తర్వాత కాయలోకి పోతుంది. పోయిన కన్నం పూడిపోతుంది కనుక కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గింజ మాత్రం మిగలదు. అందుకని గుడ్డిపూలు ఏరి కాల్చాలి, చేలో లింగాకర్షక బుట్టలు కట్టాలి. బుట్టలో ఆడ రెక్కల పురుగు వాసన వచ్చే ఎర ఉంటుంది. మగవి పెళ్లికి బయల్దేరినట్టు వచ్చి అందులో పడతాయి.

ఇదంతా సదస్సులు పెట్టి రైతులకు చెప్పడం మా పని. నేను నోరు తెరవగానే ముందు వరసలో పెద్దమనుషులు కునుకు తీసేవారు. జనగామలో ఉండే మా సహాయ సంచాలకులు ఒకసారి చూసి, సదస్సు పెట్టమంటే జోలపాట పాడుతున్నావేమయ్యా అన్నారు. నాకు రోషం వచ్చింది. కాలేజీ రోజుల్లో నాటకాలు రాసినవాణ్ణి. పురుగే తన కథ తాను చెప్పుకునేలా ఒక ఏకపాత్ర రాశాను. శత్రువు ఎత్తులు శత్రువు నోటే వింటే జాగ్రత్త పడతారని నా లెక్క.

వేషం కట్టింది యాకయ్య. ఊళ్లు తిరిగి చేలు చూసే మా విస్తరణాధికారి, గొంతున్న మనిషి. గులాబీ రంగు దుప్పటి చుట్టుకుని ఒక తండాలో నిలబడి, "నేను పుట్టంగనే మా అవ్వ సచ్చిపోయింది. పువ్వే నాకు ఉయ్యాల" అని అందుకున్నాడు. బుట్టలో పడి చచ్చిన అన్నదమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఒక్కరు నిద్రపోతే ఒట్టు. ఆ రోజు సహాయ సంచాలకులు కూడా చూడ్డానికి వచ్చారు. తిరుగుదారిలో జీపులో, పాపమయ్యా ఆ పురుగు, అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను.

కొద్ది రోజులకే ఆ తండాలో మేము కట్టించిన బుట్టలు విప్పేశారని కబురొచ్చింది. ముందుగా విప్పింది మంగ్లీ. భర్త పోయాక కౌలుకు చేను పట్టి పత్తి పెట్టిన మనిషి. ఆ పత్తి పోతే ఇద్దరు ఆడపిల్లల్ని బడి మాన్పించి కూలికి పట్నం పోవడం తప్ప ఆమెకు దారి లేదు. నేను పరుగున పోయాను.

"ఆడపిల్ల వాసన జూపిచ్చి, పెండ్లికని పిలిచి సంపుడేంది సారూ? గది పాపం గాదా?" అంది.

అది పురుగమ్మా, అన్నాను.

"పురుగే సారూ. అయినా తల్లి లేనిది గదా."

దొంగ చేతికి తాళాలిచ్చింది నేనే కనుక కథ మార్చి రాశాను. ఈసారి ఎక్కడా "నేను" లేదు. అది పుట్టును, అది తినును, అంతే. జనం మళ్లీ కునుకు తీశారు. వెనక నుంచి ఎవరో, "మీరు ఆగుండ్రి సార్, పురుగును మాట్లాడనియ్యుండ్రి" అని అరిచారు.

పురుగు చేత తప్పు ఒప్పిద్దామని యాకయ్య ఉపాయం చెప్పాడు. దుప్పటి కప్పుకుని మంగ్లీ చేలోకే వచ్చాడు. నిగనిగలాడే కాయ ఒకటి ఆమె ముందే చీల్చి, లోపలి పుచ్చు చూపించి, "అక్కా, గిది తిన్నది నేనే" అన్నాడు. మంగ్లీ కాయను చూసింది, యాకయ్యను చూసింది. "ఒప్పుకున్నడు గదా సారూ. ఇగ పోనియ్యుండ్రి" అంది.

నాకు తిక్క రేగింది. దాని కథ విన్నావు కదా, నీ కథ కూడా దానికి చెప్పు, అని గట్టిగా అన్నాను. వేళాకోళం అనుకుని ముందు నవ్వింది. తర్వాత యాకయ్య వైపు తిరిగి, "నేను మంగ్లీని" అని మొదలుపెట్టింది. వాన మొహం చాటేస్తే గింజలు మళ్లీ పెట్టిన సంగతి, మొలకలకు బిందెలతో నీళ్లు మోసిన సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు పెరిగింది. "నీకు అవ్వ లేదంటివి. నా పిల్లలకు నాయిన లేడు. గా పిల్లల నోటికాడిది తిని నాకు ఉయ్యాల ముచ్చట జెప్తవా?" అక్కడి నుంచి తమ ఇంటి భాషలోకి పోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క చేలలోని ఆడవాళ్లకు అర్థమైంది, పనులాపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. యాకయ్య మెల్లగా దుప్పటి తీసి మడత పెట్టుకున్నాడు.

ఆ రోజే బుట్టలు మళ్లీ కట్టారు. అందరూ కలిసి గుడ్డిపూలు ఏరి కాల్చారు. మంగ్లీ చేలో కింది కాయలు అప్పటికే పోయాయి, పై కాయలు దక్కాయి. పిల్లలు బడి మానలేదు.

మా శాఖ కరపత్రాల్లో రైతు ఎప్పుడూ "రైతులు చేయవలెను" అనే దగ్గరే ఉండేవాడు. అందులో "నేను" అనే అవకాశం మేము ఏ రైతుకూ ఇవ్వలేదు, తీసుకెళ్లి పురుగుకిచ్చాం. జనం జాలి మంచీ చెడూ చూసుకుని పోదు. ముందుగా "నేను" అన్నవాడి వెంట పోతుంది. తర్వాతి సదస్సులన్నింటిలో మొదట ఒక రైతును మాట్లాడించాను, నేను చివర మాట్లాడాను. రిటైరయ్యే దాకా పురుగుకు మళ్లీ నోరివ్వలేదు.