పిన్ని వీపు మీద పట్టీలు

టెక్కలిలో ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక కంపెనీ మనుషుల వీపుల మీద పరీక్షలు చేయించేది. అక్కడ పట్టీలు అతికించే ఉద్యోగం నాది. బీఎస్సీ చదివి వీపులు తుడుచుకుంటున్నావా అని మావాళ్లు వెక్కిరించేవారు. నాకు మాత్రం గర్వంగానే ఉండేది. తెల్లకోటు ఇచ్చారు కదా, నాలాంటి దానికి కళ్లు నెత్తికెక్కడానికి అది చాలు.

ఎండకు రాసుకునే క్రీముల్లో కలపడానికి ఒక కొత్త పదార్థం తయారైంది. దాన్ని చర్మం ఓర్చుకుంటుందా, పగబడుతుందా అని చూడటమే ఆ పరీక్ష. పదార్థం పేరు మాకు చెప్పరు. డబ్బా మీద నంబరు మాత్రమే ఉంటుంది. దాన్ని చుక్కంత పట్టీలో వేసి వీపు మీద అతికించి, ఒక రోజు ఉంచి తీస్తాం. అలా సోమ, బుధ, శుక్రవారాలు, మూడు వారాలు. తర్వాత రెండు వారాలు వదిలేసి వీపు మీద ఇంకో చోట ఆఖరి పట్టీ వేస్తాం. దానికి చర్మం పొంగిందంటే ఒంటికి ఆ పదార్థం గుర్తుండిపోయినట్టే. ఇక ఎప్పుడు తగిలినా ఊరుకోదు. వచ్చిన రోజుకింత అని డబ్బులిస్తాం. వచ్చినవాళ్లందరికీ ఇదంతా నేను గడగడా అప్పజెప్పేదాన్ని.

మనుషులు చాలలేదు. గడువు ముంచుకొస్తోంది, పైనుంచి రోజూ ఫోన్లు. గత్యంతరం లేక పలాస వెళ్లి మా పిన్నిని బతిమాలాను. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. చిన్నాన్నది ఉద్దానంలో ఒక పల్లె, అక్కడ చాలామందిలాగే కిడ్నీలు పాడై చనిపోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచీ పిన్ని పలాసలో మా పక్కింట్లోనే ఉంటూ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోసే మిషన్ దగ్గర పనిచేస్తోంది. కాలితో తొక్కుతూ, చేత్తో మీట లాగుతూ, పప్పు విరగకుండా బయటికి తీయడంలో ఆ వరుసలో తనని మించినవాళ్లు లేరు. ఈ మాట తనే చెప్పుకునేది. ఎవరూ కాదనేవారు కాదు.

“ఎండకి మందేటే? గొడుగేసుకుంటే సరిపోద్ది గదా” అంది పిన్ని నేను చెప్పిందంతా విని.

“ఎండలో తిరగనివాళ్లే ఎక్కువ రాసుకుంటారులే పిన్నీ.”

“రగతం తీత్తారా?”

“తీయరు.”

“కిడ్నీకి ఏటీ అవదు గదా?”

“అవదు. అంతా చర్మం మీదే.”

“తోలేనా. అయితే పద” అంది.

మా వైపు ఎవరి ముందు ఏ ఫారం పెట్టినా మొదట అడిగేది కిడ్నీ సంగతే. అది బాగుందంటే మిగతా ఒళ్లంతా బాగున్నట్టే మాకు.

పిన్ని ఫారం నేనే నింపాను. వృత్తి అన్నచోట కూలీ అని రాశాను, మా వీధిలో అందరికీ అలాగే రాస్తారు. ఇదివరకు ఏదైనా తగిలి చర్మానికి ఎలర్జీ వచ్చిందా అన్న ప్రశ్న చదివి వినిపించాను.

“నాకేటి ఎలర్జీ. ఏటి తిన్నా పడతాది నాకు” అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతులు నా ముందు బల్ల మీదే ఉన్నాయి. జీడి తొక్కలోంచి కారే నూనెకు వేళ్లు నల్లబడి ఉన్నాయి, అరచేతుల్లో తోలు పొరలుగా లేచింది, మణికట్ల దగ్గర పాత పొక్కుల మచ్చలు. పనిలో చేరిన కొత్తలో మొహం కూడా వాచిపోయేదని అమ్మ చెప్పేది. మా ఊళ్లో దాన్ని జీడి తినేసింది అంటారు. తినేసిన చోట ఇంత ఆముదం రాసుకుని మర్నాడు పనికి వెళ్తారు. దాన్ని జబ్బు అని ఎవరూ అనరు, ఎలర్జీ అని అసలే అనరు. ఆ చేతులు కలిపి పెట్టిన అన్నం తిని పెరిగిన నేనూ అనలేదు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

రెండో వారంలో ఒక రోజు పట్టీ తీస్తే కింద చర్మం ఎర్రగా కనిపించింది. దురదగా ఉందా అని అడిగాను.

“దురదేటి నేదు. నిన్న ఎండకి కాలిన గోడకి ఆనుకుని కూకున్నాను” అంది పిన్ని.

అబద్ధమని గొంతులోనే తెలిసిపోయింది. ఎర్రబడితే తనని పంపేస్తారని, నాకు ఒక మనిషి తగ్గి మాట పడతానని ఆవిడ భయం. నాకోసం దాచింది. మరి నేనేం చేశాను? నాకూ మనిషి తగ్గడం ఇష్టం లేదు కాబట్టి టేపు ఒరిపిడి అని రాసేశాను. ఆ రాత తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆఖరి పట్టీ వేసిన మర్నాడు పిన్ని రాలేదు. ఫోను ఎత్తలేదు. పలాస వెళ్లి చూస్తే మంచం మీద బోర్లా పడుకుని ఉంది. పట్టీ ఉన్నచోట ఒక్కటే కాదు, వీపంతా నీటిపొక్కులు. మెడ మీద పొక్కులు, మణికట్ల దగ్గర ఎప్పుడో మానిన మచ్చలన్నీ మళ్లీ లేచాయి. జాకెట్టు తగిలితే అమ్మా అంటోంది. పలచటి పాత చీర కప్పి ఆటోలో టెక్కలి తీసుకొచ్చాను. దారిలో ప్రతి గతుకుకూ నాకు ప్రాణం పోయినంత పనైంది.

పరీక్ష చూసుకునే చర్మం డాక్టరు ఆ రోజు అక్కడే ఉన్నారు. వీపు చూసి, “ఈవిడ ఏం పని చేస్తారు?” అని నన్ను అడిగారు.

“జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోస్తారండి.”

ఆయన కలం కింద పెట్టేశారు. సీలు వేసిన కవరు తెప్పించి విప్పి చదివారు. ఆ నంబరు వెనకున్నది జీడి తొక్క నూనెను శుద్ధి చేసి దానిలోంచి తయారుచేసిన పదార్థం.

“ఎంత శుద్ధి చేసినా జీడి గుణం ఇంత మిగిలి ఉంటుంది. ఇన్నేళ్లూ ఈవిడ ఒళ్లు ఎలాగో సర్దుకుంది. మనం పట్టీ కట్టి మరీ రెచ్చగొట్టాం. ఇక జీడి దగ్గరికి వెళ్లకూడదమ్మా” అన్నారు.

“ఎన్నాల్లు బాబూ?” అంది పిన్ని.

“ఎప్పటికీ.”

పిన్ని నా వైపు తిరిగింది. “ఏటే, నువ్వు సెప్పు. మీ ఆఫీసోల్లే గదా. కొంచెం తగ్గించమని అడుగు” అంది. ఏం అడగను? తెల్లకోటు వేసుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

మందులు కంపెనీయే ఇచ్చింది. తీసుకోకూడని మనిషిని తీసుకున్నామని పిన్ని పేరు పరీక్షలోంచి కొట్టేశారు. పొరపాటు నాదేనని రాసి సంతకం పెడితే నన్ను మందలించి వదిలేశారు. అలా రాస్తే కాస్తయినా తేలిక పడతాననుకున్నాను, పడలేదు.

వీపు మానడానికి నెల పట్టింది. మానగానే పిన్ని పనికి బయల్దేరింది. వద్దని నేనూ అమ్మా కాళ్లావేళ్లా పడ్డాం. “ఇంట్లో కూకుంటే నాకెవులు పెడతారే” అంది. రబ్బరు తొడుగులు వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. లోపల ఉడికించిన పిక్కల వాసన, ఆవిరి. అరగంట గడిచిందో లేదో, పిన్ని రెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి.

“ఇంటికెల్లిపో అప్పా. నీకేటన్నా అయితే ఎవులు సూత్తారు” అన్నాడు మేస్త్రీ. మంచిగానే, సొంత అక్కతో అన్నట్టే అన్నాడు. వెంటనే ఒక కొత్తావిడను పిలిచి పిన్ని మిషన్ దగ్గర కూర్చోబెట్టాడు.

పిన్ని వెళ్లిపోకుండా ఆవిడ పక్కన నిలబడింది. కళ్లు కనిపించకపోయినా చేత్తో తడిమి మీట సరిచేసింది. “మెల్లగా తొక్కు. గట్టిగా తొక్కితే పప్పు బద్దలైపోద్ది” అని చెప్పింది. చూడలేక నేను తల తిప్పుకున్నాను.

చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చాను. ఆటో కోసం చూస్తుంటే పిన్ని అడిగింది.

“ఏటే, మీ టెక్కలిలో ఇంకేటైనా పరీచ్చలు పెడతన్నారా?”

“ఎందుకు?”

“సేతులు పనికిరావు గాని ఈపు మానిపోయింది గదా. మనిషి గావాలంటే నన్ను తీసుకెల్లు.”

“నిన్ను తీసుకోరు పిన్నీ. ఎలర్జీ ఉందా అని అడుగుతారు.”

“నేదని సెప్తాను. అప్పుడు తెలీక సెప్పాను, ఇప్పుడు తెలిసి సెప్తాను. నువ్వు రాసీ.”

వాచి మూసుకుపోయిన కళ్లతో మొహం నా వైపు తిప్పి, రాస్తానని నేను అనేదాకా అక్కడే నిలబడింది.