ద్రాక్షతోటలో వేసిన కుర్చీ

డ్రైవరన్న పోయిన సంగతి నాకు మా సైట్ స్టోర్ దగ్గర తెలిసింది. లారీలోంచి సిమెంటు బస్తాలు దింపిస్తున్నాను. ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. అన్న కూతురు. "చిన్నాయనా, మా నాయన పొద్దున పోయినాడు. నీకు మొదట చెప్పమని ముందే చెప్పిపెట్టినాడు." అంతే ఉంది. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు, ఐసు పెట్టె ఇంకా రాలేదేమని ఇంకెవరో గట్టిగా అడుగుతున్నారు. లారీవాడు చలాన్ మీద సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. పెట్టి ఇచ్చాను. బస్తాలు సరిగ్గా దిగాయో లేదో ఆ రోజు చూసుకోలేదు.

ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. ఆయనది కడప వైపు, నాది జగిత్యాల పక్క పల్లె. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పేపర్లు చదివీ బోర్డులు చదివీ. పడుకునే ముందు ఆ రోజు ఖర్చు రాసుకోవడం తప్ప వేరే రాత అలవాటు లేదు. కాబట్టి ఇది వరసగా రాకపోతే మీరే సర్దుకుని చదవండి. దోహాలో ఉండే మనవాళ్ళలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. అక్కడి అల్ ముంతజా పేటలో ఒకే ఇంట్లో, జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి పూర్తిగా తెల్లబడేదాకా బండి నడిపాడు.

నేను కొత్తగా వచ్చిన ఎండాకాలంలో ఒకరోజు మెడికల్ చెకప్ అయ్యాక బస్సు ఎక్కడ ఎక్కాలో తెలియక ఆ వీధుల్లో తిరుగుతున్నాను. చేతిలో మా ఊరి బట్టల షాపు సంచి. ఒక గేటు ముందు కారు తుడుస్తున్న మనిషి ఆ సంచి మీది తెలుగు అక్షరాలు పైకి చదివి, "జగిత్యాలనా అబ్బీ?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్ళిచ్చాడు. పక్కనే అంత పెద్ద కారు ఉంది కదా, దింపుతాడేమోనని ఆశపడ్డాను. దింపలేదు. ఆ ఎండలో నాతోపాటు స్టాప్ దాకా నడిచి, బస్సు వచ్చేవరకూ నిలబడ్డాడు. నా మనసులో ఉన్నది కనిపెట్టినట్టున్నాడు.

"బండి నాది కాదబ్బీ. కాళ్ళు నావి. అందుకే నడిచొచ్చినా" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మమ్మల్ని ఎవరినీ ఆ కారు ఎక్కించుకోలేదు. సెలవు దొరికిన శుక్రవారం తానే బస్సెక్కి అల్ ఖోర్‌లో మా రూముకు వచ్చేవాడు. వస్తూ ఆ ఇంట్లో వంట చేసే భీమవరం అక్క కట్టిచ్చిన గోంగూర డబ్బా తెచ్చేవాడు. రోడ్డు మీద ఎవరు హారన్ కొట్టినా ఆయనకు నచ్చేది కాదు. హారన్ కొడితే ముందున్నవాడు బెదురుతాడు గానీ దారి వెడల్పు కాదు కదా అనేవాడు. భోజనానికి అందరికంటే ఆఖరున, తలుపు దగ్గర, ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చునేవాడు. గబగబా తినేవాడు. మా దగ్గర ఎవరు పిలుస్తారని అంత తొందర అంటే, గేటు బెల్లు అన్నం సగంలో ఉన్నప్పుడే మోగుతుందని అలవాటైపోయిందని నవ్వేవాడు.

ఆ ఇంటివాళ్ళు ఆయన్ని బాగా చూసుకునేవారు. వాళ్ళు తినే బియ్యమే ఆయనకూ. అయితే ఆయన భోజనం గేటు పక్కన ఆయన గదిలో. అక్కడి పద్ధతి అది. దాన్ని గురించి ఆయన ఏనాడూ చెడ్డగా మాట్లాడలేదు.

ఆయన మాకు పదేపదే చెప్పిన కథ ఒకటే, ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలు చూసిన రోజు. ఇంటి పెద్దావిడను మోకాళ్ళ వైద్యానికి జర్మనీ తీసుకెళ్ళినప్పుడు, ఆవిడ చక్రాల కుర్చీ తోయడానికి ఈయన్ని వెంట తీసుకెళ్ళారు. ఆవిడ ఇంకెవరి చేతా తోయించుకునేది కాదు. వేరేవాళ్ళు తోస్తే కుర్చీ కిర్రుకిర్రుమని మాట్లాడుతుంది, వీడు తోస్తే మాట్లాడదు అనేదట. వైద్యం అయ్యాక సరిహద్దు దాటితే ఫ్రాన్సే. అల్సాస్ అనే ప్రాంతం. అప్పటికి చదువుకుంటున్న మనవరాలు నానమ్మకు రంగురంగుల పాత ఇళ్ళు, కొండవాలు తోటలు చూపించాలని ఒకరోజు యాత్ర మాట్లాడింది. చిన్న వ్యాను, దానికో డ్రైవరు, అన్నీ వివరించి చెప్పడానికి టోపీ పెట్టుకున్న ఒక గైడమ్మ.

మా అమ్మకు ఖతర్ కూడా దుబాయే. అన్న ఫ్రాన్స్ పోయొచ్చాడని ఫోన్‌లో చెబితే, "అది దుబాయ్‌ల ఏ దిక్కుంటది బిడ్డా?" అని అడిగింది. ఈ మాట చెబితే అన్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. అప్పటినుంచి కథ మొదలుపెట్టేముందు "దుబాయ్‌కి కొంచెం అవతల" అనేవాడు.

ఆయన చెబుతుంటే మాకు కళ్ళకు కట్టినట్టుండేది. కిటికీ పక్కన కూర్చుని పోవడం, వేరేవాడు నడపడం. ఇళ్ళ పొగగొట్టాల మీద కొంగల గూళ్ళు. అన్నిటికంటే తోటలు. పెళ్ళికి ముందు ఆయన అనంతపురం వైపు ద్రాక్షతోటల్లో కూలి చేశాడు. "మన పక్క పందిరి కింద వంగి నడ్చాల. బయటికొస్తే నడుము నిలబడదు. ఆడ తోట మన రొమ్ముకాడికే ఉంటాది. నిటారుగా నడ్చినా అబ్బీ. ద్రాక్షతోటలో నిటారుగా నడ్చింది ఆ పొద్దే" అనేవాడు. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయట. పెద్దావిడ ఒక గుత్తిని అరచేతిలో పట్టుకుని, కోయకుండా బరువు చూసి వదిలిందట.

మధ్యాహ్నం గైడమ్మ వాళ్ళను వైన్ చేసే ఒక ఇంటికి తీసుకెళ్ళింది. వీళ్ళు తాగరు కాబట్టి ఆ ఇంటాయన తోట మధ్యలో బల్ల వేయించి, పోయినేడు కాయల నుంచి పులియకుండా తీసి ఉంచిన ద్రాక్షరసం పెట్టాడు. సరిగ్గా ఇక్కడికి రాగానే అన్న కథ గెంతేది. "ఇంగ సాయంత్రం కొంగలు వాలే యాళకి వెనక్కి తిరిగినాం" అనేవాడు. బల్ల దగ్గర ఏం జరిగిందో ఏనాడూ చెప్పలేదు.

మా రూములో నిజామాబాద్ ఎలక్ట్రీషియన్ ఒకడుండేవాడు. వాడు వదిలేవాడు కాదు. "అన్నా, రసమే తాగినవా, ఇంకేమన్న తాగినవా? గంత దూరం పోయి ఒట్టి రసం తాగిన అంటె మా ఊర్లె మనిషని అనరు" అని గిల్లేవాడు. అన్న నవ్వి గిన్నెలు కడగడానికి లేచేవాడు. ఆ నవ్వు చూసి మేమంతా ఒకటే అనుకున్నాం. చాటుగా ఒక గుక్క వేసుంటాడు, ఆ ఇంటివాళ్ళకు తెలిస్తే మర్యాద పోతుందని దాస్తున్నాడని. చాలా ఏళ్ళు అలాగే అనుకుంటూ వచ్చాం.

పోయినేడాది ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఇక ఇంటికి వెళ్ళి వైద్యం చేయించుకోమని డాక్టరు చెప్పిన వారం, మామూలుగా వచ్చినట్టే అల్ ఖోర్ వచ్చాడు. రూముకు రాకుండా నన్నొక్కడినే సముద్రం ఒడ్డుకు రమ్మన్నాడు. చేపల పడవలకు ఎదురుగా కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు, నేను అడక్కుండానే.

ఆ బల్ల దగ్గర గైడమ్మ అందరితోపాటు ఆయనకూ ఒక కుర్చీ వేసిందట. ఆమెకు ఇక్కడి పద్ధతి తెలియదు. వ్యానులో అందరూ కలిసి వచ్చారు కాబట్టి అందరికీ కుర్చీలు వేసింది. "సార్, కూర్చోండి" అందట. ఈయన చక్రాల కుర్చీని బల్ల దగ్గరికి చేర్చి, వెనకే నిలబడిపోయాడు. మనవరాలు నానమ్మ వైపు చూసింది. పెద్దావిడ తన పక్కనున్న ఆ కుర్చీని అరచేత్తో తట్టి, కూర్చో, ఈ రోజు నువ్వూ చూడటానికే వచ్చావు అంది.

"నేనేమన్న్యానో తెల్సునా? మాఫీ ముష్కిల్ మామా, ఏం పర్వాలేదమ్మా, బండి చూసుకుంటా అన్న్యా. అని చెప్పి వచ్చేసినా."

ఆ బండి ఈయనది కాదు. దాని డ్రైవరు లోపలే కూర్చుని ఉన్నాడు.

"వాడు లోపల కూసోని రొట్టె తింటాండాడు. నేను పోయి ఆ బండి పక్కన నిలబడినా. వాడు నన్ను చూస్తాడు, నేను వాణ్ణి చూస్తా. వాళ్ళు తిని లేచేదంకా అట్లనే నిలబడినా అబ్బీ, పరాయోడి బండికి కాపలా."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వడం లేదని చూసి ఆపుకున్నాను.

సాయంత్రం కుర్చీ తోస్తుంటే పెద్దావిడ వెనక్కి తిరగకుండానే, ఇన్నేళ్ళలో నా మాట కాదన్నది ఇదొక్కటే అందట. కోపంగా అనలేదట. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. మళ్ళీ ఆ సంగతి ఎత్తడానికి ఆయనకు వీలు కాలేదు.

"కూసోని ఉంటే ఏమైతాండ్య? నా గెవురవం కోసం కాదు. ఆయమ్మ తన కుర్చీ పక్కన నా కుర్చీ ఉండాలనుకునింది. ఆ ఒక్క పొద్దు. కొడుకులు గూడా ఎప్పుడూ నిలబడే మాట్లాడి పోయేటోళ్ళు ఆయమ్మతో" అన్నాడు.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆనాటి మనవరాలే ఇప్పుడు ఆ ఇంటి యజమానురాలు, ఇద్దరు పిల్లల తల్లి. ఆయన వెళ్ళే రోజు మధ్యాహ్నం లోపల, తమతో కలిసి బల్ల దగ్గర భోజనం చేయాలని అడిగింది. ఈయన ఇంకా జవాబివ్వలేదు. వెళ్ళే మనిషి, ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. రేపు అంటూ ఇంకో అవకాశమూ ఉండదు.

"ఏమంటావబ్బీ? కూసునేదా?"

నేను మాటలు తక్కువ మనిషిని. అయినా ఆ రోజు వెంటనే అన్నాను. "ఈసారి కూసో అన్నా. ఏం మోగినా లేవకు."

ఆయన వెళ్ళేది శుక్రవారం పడింది. అట్టపెట్టెలకు తాడు బిగించడానికి నేను పొద్దున్నే అల్ ముంతజా వెళ్ళాను. ఇంటివాళ్ళ నమాజు అయ్యాక ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలికి వెళ్ళాడు. వెళ్ళేముందు తన గది గుమ్మంలో నిలబడి ఒకసారి నావైపు చూశాడు, పరీక్ష రాయబోయే పిల్లాడిలాగ. నేను పెట్టెలు కట్టి, విప్పి, మళ్ళీ కట్టాను. కాసేపటికి భీమవరం అక్క వంటింటి తలుపు తీసుకుని వచ్చింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

"కూర్చున్నారు తమ్ముడూ! పెద్దమ్మగారు కూర్చునే వైపే వేశారు కుర్చీ. అమ్మాయిగారే స్వయంగా మాంసం ముక్కలు తీసి వడ్డించారు. పిల్ల నీళ్ళ గ్లాసు ఒలకబోస్తే లేవబోయారు. అమ్మాయిగారు భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. మళ్ళీ లేవలేదు."

నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఆయన వచ్చేసరికి ఏదో ఒక మంచి మాట అనాలని మనసులో సిద్ధం చేసుకున్నాను. అన్న బయటికొచ్చి, ముందు పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. లోపల కడుక్కునే వచ్చుంటాడు, అయినా మళ్ళీ కడుక్కున్నాడు.

"కూసున్నవంట గదా అన్నా" అన్నాను.

"కూసున్న్యాలే."

"మంచిగనిపించిందా?"

తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "ఆ పాప మంచిది అబ్బీ. కూడు బాగుండ్య. అయితే కూసోమన్న మనిషి లేకపాయె గదా" అన్నాడు.

దానికి నేనేం చెప్పాలి? ఎయిర్‌పోర్టు దాకా ఆలోచించాను. అన్న చోటుకు కొత్తగా వచ్చిన మలయాళీ డ్రైవరు, ఆ ఇంటివాళ్ళు పంపిన బండి నడుపుతున్నాడు. అన్న ముందు సీట్లో కూర్చుని వాడికి ఆ ఇంటి సంగతులు చెబుతున్నాడు. చిన్నపాపకు ఏసీ గాలి నేరుగా తగలకూడదు, అయ్యగారు ఫోన్‌లో ఉంటే రేడియో పెట్టకూడదు, ఇలాంటివి. నేను వెనక సీట్లో పెట్టెల మధ్య ఇరుక్కుని, ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. దొరకలేదు. దొరికినాక ఫోన్‌లో చెబుదామనుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా మందులు, డయాలసిస్, ఊళ్ళో వానలు, ఇవే మాట్లాడుకున్నాం. ఇప్పటికీ దొరకలేదు, ఇక దొరికినా చెప్పడానికి మనిషి లేడు.

ఎయిర్‌పోర్టు ముందు ఆ సాయంత్రం విపరీతమైన రద్దీ. మా బండి రెండు పెద్ద కార్ల మధ్య చిక్కుకుంది. పెట్టెలు ట్రాలీలో సర్ది, నువ్వు లోపలికి నడువన్నా, టైమైతుంది అన్నాను. సరేనన్నాడు. మేం బండెక్కి చూస్తే ఆయన లోపలికి వెళ్ళలేదు. ట్రాలీని గోడకు ఆనించి, ఉబ్బిన పాదాలతో రోడ్డు మీదికి దిగాడు. వచ్చే కార్లకు ఒక అరచెయ్యి అడ్డంగా చాపి ఆపాడు. రెండో చేత్తో మలయాళీ డ్రైవరుకు సైగ చేస్తున్నాడు, రానీ, రానీ, ఇంకొంచెం రానీ. కార్లన్నీ ఆగాయి. మేం బయటపడి మలుపు తిరిగేదాకా, ఆ వరస ముందు ఆయన అట్లాగే చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.