నాన్న నోట ‘ఒరేయ్’

పౌడరు వాసన తగిలితే నాకు నాన్న పేకముక్కలు గుర్తొస్తాయి. చేతిలో సులువుగా జారాలని వాటికి పౌడరు రాసేవారు. ఊళ్లో దొరగా బతికిన ఆయన, భూములు పోయాక, డబ్బుల కోసం సాగర్ డ్యాం కాలనీలో గారడీ చూపడానికి ఒప్పుకున్నారు. వారంపాటు అద్దం ముందు “అయ్యా, ఒక ముక్క తీయండి” అని సాధన చేశారు. వేళ్లు తడబడలేదు, మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అనని ఆ ‘అయ్యా’ దగ్గరే గొంతు ఆగేది. నన్నైనా, పాలేర్లనైనా ఆయన పిలిచేది ‘ఒరేయ్’ అనే.

“ఏందండీ, నోట్లోనే నలుపుతున్నారు? ఇంకోసారి అనండి,” అనేది అమ్మ.

ప్రదర్శన రోజు ముందు వరసలో కూర్చున్న డ్యాం ఇంజనీరు ఎదుట ముక్కలు విప్పి, “ఒరేయ్, ఒక ముక్క తియ్యరా,” అన్నారు. జనం గొల్లున నవ్వారు.

“చానా బాగుంది దొరా, మళ్లీ అను,” అని ఎవరో అరిచారు. అది గారడీలో నవ్వించడానికి కొత్తగా చేర్చిన మాటనుకుని నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత ప్రతి ఊళ్లోనూ ఆ మాటే అడిగేవారు, నాన్న అనేవారు. ఇంట్లో మాత్రం నన్ను మళ్లీ ఒరేయ్ అని పిలవలేదు.