నా చేయి వేసిన గింజ

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు! మైకు ముందు నిలబడితే నోరు ఆగనంటోంది, దేవుడు నాకు చేసిన మేలు అట్లాంటిది! ఐదేళ్ల కిందట నేను నా కడుపున పుట్టిన బిడ్డను మూడు నెలలు చేత్తో ముట్టుకోలేదు. పాలిచ్చేటప్పుడు కూడా మా అత్తే బిడ్డను నా ఒడిలో పట్టుకుని కూర్చునేది, నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేదాన్ని.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వేరుశనగ విత్తే రోజున గొర్రు వెనక నడిచి మొదటి గింజలు వదిలేది ఎవరన్నది మా వైపు పెద్ద విషయం. చేయి మంచిదైతే పంట మంచిదంటారు, కడుపుతో ఉన్న ఆడమనిషి చేయి అయితే ఇక తిరుగే లేదంటారు. ఆ ఏడు నాకు ఆరో నెల, మా చేనితో పాటు ఇంకో రెండు చేలకు కూడా నన్నే పిలుచుకుపోయి మొదటి గింజలు వేయించారు. మా చేను మొలవలేదు! అక్కడొకటి ఇక్కడొకటి తల ఎత్తింది, మిగతాదంతా మట్టిలోనే పోయింది. చూడవచ్చిన ఒక పెద్దమ్మ, చెడ్డ మనిషేమీ కాదు, గట్టు మీద నిలబడి, "కడుపుతో ఉండేదాని చెయ్యి పడినా మొలవలేదంటే, ఆ చేతిలోనే ఏందో ఉండాది" అనేసి పోయింది. ఆమె ఆ మాట ఆ పూటే మరిచిపోయి ఉంటుంది, నేను మరవలేదు.

బిడ్డ పుట్టిన నాలుగో రోజు జ్వరం వచ్చింది. నేను ఎత్తుకున్నాకే వచ్చిందని నా మనసు తేల్చేసింది, అంతే సహోదరులారా, నేను ముట్టుకుంటే బిడ్డ బతకదన్న తలంపు నా తలలో కాపురం పెట్టేసింది! జ్వరం రెండు రోజుల్లో తగ్గింది, తలంపు తగ్గలేదు. చివరికి ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం కూడా చేయి చాచలేకపోయాను. "ప్రభువా, నా చేతులు తీసుకో, నా బిడ్డను మాత్రం ఇడ్సిపెట్టు" అని రోజూ ఏడ్చి ప్రార్థించేదాన్ని.

కొందరు దయ్యమన్నారు, కొందరు నాకు విశ్వాసం చాలదన్నారు. మా పాస్టరయ్యగారు మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించి, "కన్ను మసకైతే అద్దాలు పెట్టుకోమా తల్లీ? మనసు మసకైతే దానికీ దేవుడు వైద్యం పెట్టినాడు, లెయ్యి పోదాం" అని నన్నూ మా ఆయననూ బస్సెక్కించి అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. ఆమె బెంగళూరులో మనసు జబ్బుల చదువు చదివి వచ్చారు. సూది వేస్తారనుకుంటే నా చేతికి నోటు పుస్తకం ఇచ్చారు! ఏం జరిగింది, అప్పుడు ఏ తలంపు వచ్చింది, దానితో ఎంత భయం పుట్టింది, ఆ తలంపు నిజమనడానికి రుజువేమిటి, కాదనడానికి రుజువేమిటి, ఇదంతా రాసుకుని వారం వారం రమ్మన్నారు. ఈ వైద్యాన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారట, నాకైతే నోరు తిరగదు. "తలంపు వచ్చినంత మాత్రాన అది నిజం చెప్తాండాదని కాదమ్మా, దాన్ని నిలబెట్టి అడగాల" అనేవారు.

మూడో వారం నా పుస్తకం చూసి, "ఆ ఏడు నీ చెయ్యి ఎన్ని చేలల్లో పడింది?" అన్నారు. మూడన్నాను. "ఎన్ని మొలిచినాయి?" వేళ్ల మీద లెక్కపెట్టాను! రెండు మొలిచాయి, నా కళ్లతో చూశాను, కలుపు తీయడానికి కూడా పోయాను, అయినా ఆ రెండూ నాకు కనబడనే లేదు! ఇంటికొచ్చి మా విత్తనంలో ఏం తేడా జరిగిందని అత్తను అడిగితే, ఆమె నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఎండాకాలంలోనే ఒలిపిస్తిమి కదే! చుట్టాలు వచ్చినారు, పనికి చేతులు దొరికినాయని కాయలన్నీ ఒలిపించి రేకుల కొట్టంలో పెడితిమి!" విత్తనం కాయను సరిగ్గా విత్తబోయేటప్పుడే ఒలవాలని, నెలల ముందే ఒలిచి వేడిలో పెడితే గింజ చస్తుందని మా పల్లెలో ఎవరికి తెలియదు? తెలిసి కూడా అందరం నా చేతినే చూశాం.

తెలిసినా నా చేయి కదల్లేదు, ఉన్నమాట చెప్పాలి. అప్పుడు డాక్టరమ్మ, "అయితే పరీక్ష పెట్టు" అన్నారు. రెండు కుండల్లో మట్టి నింపాం. కొట్టంలో మిగిలిన పాత గింజలు పది ఒకదాంట్లో మా ఆయన వేశాడు, మొలిచిన చేనివాళ్లను అడిగి తెచ్చిన కాయలు అప్పటికప్పుడు ఒలిచి, ఆ గింజలు పది ఇంకోదాంట్లో నేను వేశాను. "ప్రభువా, నిజమేందో చూపించు, అది ఏదైనా సరే" అని ప్రార్థించి నీళ్లు పోశాను. ఎనిమిదో రోజు పొద్దున చూస్తే నా కుండలో మట్టి పగిలి తొమ్మిది మొలకలు! మా ఆయన కుండలో ఒక్కటీ లేదు! ఆయన తన చేతులు తిప్పి తిప్పి చూసుకుని, "ఏమే, ఇప్పుడు నా చేతిలో ఏందో ఉండాదంటారా ఏమి?" అన్నాడు. నేను నవ్వాను, బిడ్డ పుట్టాక అదే మొదటి నవ్వు, హల్లెలూయా!

ఆ పూటే మా అత్త బిడ్డకు నీళ్లు పోయబోతుంటే పక్కన కూర్చుని కాళ్లు చాపి, "ఇట్లియ్యి అత్తా" అన్నాను. రెండు చేతులా అందుకుని నా కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాశాను, తల రుద్దాను, నీళ్లు పోశాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చి, ఏడుపు ఆపి, నా వేలు పట్టుకుంది. మరునాడు జ్వరం రాలేదు, ఆ మరునాడూ రాలేదు, అదీ పుస్తకంలో రాశాను! ఆ తలంపు ఇప్పటికీ అప్పుడప్పుడు తలుపు తడుతుంది, రుజువు చూపించమంటే నసుగుతుంది. నేను ప్రార్థనా మానలేదు, పుస్తకమూ మానలేదు, రెండూ దేవుడిచ్చినవే.

ఈ సంఘంలో నాలాగా తలంపుతో నలిగిపోతూ సిగ్గుతో కూర్చున్న అక్క ఉంటే, చెల్లి ఉంటే, ప్రభువును నమ్మమ్మా, నోరు తెరిచి చెప్పమ్మా, వైద్యానికి పోవడం అవిశ్వాసం కాదు! తోడు లేదంటే నేను బస్సెక్కి నీతో వస్తాను. ఇంకా చెప్పేదాన్నే గానీ, ముందు వరుసలో కూర్చున్న మా పాప లేచి వచ్చి ఇంటికి పోదామని నా చేయి పట్టుకుని లాగుతోంది, చూస్తున్నారు కదా! ఈ చేయే సహోదరులారా, ఈ చేయే! మహిమంతా దేవునికే!