చెరువుగట్టు అత్త, పద్నాలుగు తప్పెట్లు

మొన్న మంగళవారం ఫస్ట్ షిఫ్టుకి పోతూ ఖుర్సీపార్ మలుపు తిరుగుతుంటే చెరువుగట్టు హోటల్ అత్త కొడుకు ఎదురొచ్చాడు. "అమ్మా నహీ రహీ, భయ్యా" అన్నాడు. ఆ మాటైనా తెలుగులో చెప్పడం రాలేదు వాడికి. వాడి తప్పేం లేదు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. సైకిల్‌కి స్టాండు వెయ్యడం మర్చిపోయాను. అది పడి, టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నమంతా రోడ్డు పాలైంది. "అన్నం నేలపాలు సేత్తావేట్రా, కళ్ళు పోతాయి" అని తిట్టే మనిషి ఇక లేదని అప్పుడు తెలిసింది నాకు.

ఆమె నాకు అత్త వరస కాదు, ఏ వరసా కాదు. శ్రీకాకుళం వైపు నుంచి మొగుడి వెంట వచ్చింది. ఇక్కడి ఉక్కు ప్లాంటు కాంట్రాక్టు పనిలో ఉండగానే అతను జబ్బు చేసి పోయాడు. చంకలో పిల్లాడు. ఊరికి పోదాం రమ్మని అన్నదమ్ములొస్తే పోనందిట. చెరువుగట్టు మీద నాలుగు రేకులు నిలబెట్టి పొయ్యి వెలిగించింది. బోర్డూ లేదు, పేరూ లేదు. రెండు బల్లలు నిండితే మిగతావాళ్ళం గట్టు రాళ్ళ మీదే కూర్చునేవాళ్ళం. ఎదర నీళ్ళలో గేదెలు, అవతల ప్లాంటు గొట్టాల పొగ. గాలి ఇటు తిరిగితే చట్నీలో కూడా ఆ ఎర్ర దుమ్మే. "ఇనుము ఒంటికి మంచిదేలే, తినీయండి" అనేది.

పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం ఆ చెరువులో చేపల పులుసు. పిండి రుబ్బడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ దీదీ బియ్యప్పిండితో చీలా అని వాళ్ళ అట్టు పొయ్యడం నేర్పింది. అత్త దాని మీద మన నువ్వులపొడి చల్లి పెట్టేది. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు, అయినా రోజంతా ఒకటే కబుర్లు, ఒకటే తగువులు!

ఇంతకీ అత్తని నేను మర్చిపోలేనిది తిండి వల్ల కాదు. తప్పెట్ల వల్ల.

డెబ్బైల్లో మాది పద్నాలుగు మంది తప్పెటగుళ్ళ దళం. అందరం అటు నుంచి వచ్చినవాళ్ళమే. నేను అప్పుడు కొత్తగా చేరి క్రేన్ నడిపేవాణ్ణి. ఆదివారం వచ్చిందంటే గజ్జెలు కట్టుకుని, గుండెలకి తప్పెట బిగించుకుని ఆ గట్టు మీద గెంతేవాళ్ళం. చెరువు తేమకి మేకతోలు మెత్తబడిపోయి పలికేది కాదు. అందుకని పద్నాలుగు తప్పెట్లూ అత్త పొయ్యి వెనక గోడకి మేకులు కొట్టి వేలాడదీసింది. ఆ వెచ్చదనానికి తోలు బిగిసి ఉండేది. ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. పిండి చేత్తోనే ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి, తల వాల్చి వినేది. "ఇది ఇంకా పలకనేదురా. మరో వాయి దిగనీ" అనేది. ఇడ్లీ వాయిల లెక్కే మా ఆట లెక్క.

ఒకసారి ప్లాంటువాళ్ళ పండగకి మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచారు. వానాకాలం. కొత్త పంచెలు కట్టుకుని, అత్తకి చెప్పకుండా, పొయ్యి వెలగకముందే తప్పెట్లు పట్టుకుపోయాం. మొనగాళ్ళం కదా! స్టేజీ ఎక్కి కొడితే తడిగుడ్డ బాదినట్టు చప్పుడు. ముందు కుర్చీల్లో నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాం. మర్నాడు ఒక్కర్నీ వదల్లేదు అత్త. "మూతికి మీసాలున్నాయి గానీ బుర్రలో ఏటుందిరా మీకు?" అని చేట పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఎక్కడ ఆటున్నా రిక్షాలో కుంపటి పెట్టుకుని తనే వచ్చేది. స్టేజీ వెనక చీకట్లో కూర్చుని తప్పెట్లు కాచి ఒక్కోటీ అందించేది. ముందుకొచ్చి మా ఆట ఒక్కసారీ చూడలేదు. చప్పట్లన్నీ మాకే.

అడిగింది ఒక్కటే. "నాను ఎలిపోయిన్నాడు మీరు ఆడుతూ సాగనంపాల. ఏడుపులొద్దు." పద్నాలుగు మందిమీ ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాం.

పాటలన్నీ మా దళం పెద్ద నోట్లోనే ఉండేవి. "ఒరే, నీకు సదువొచ్చు గదా, రాసీసుకో. రేపు ఆ ముసిలాడు పోతే ఏటి సేత్తావు?" అని నా వెంట పడేది అత్త. తనే పొడుగు నోటుబుక్కు కొనిచ్చింది. వచ్చే ఆదివారం రాస్తానత్తా అన్నాను. ఎన్ని ఆదివారాలు అలా అన్నానో! దళం పెద్ద ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కొందరు రిటైరై ఊళ్ళకి పోయారు, కొందరు వైశాలి నగర్‌లో ఇళ్ళు కట్టుకుని ఇటు రావడం మానేశారు. ఆదివారం పొద్దున్న అందరూ టీవీ ముందే. ఎవర్నని ఏం లాభం, నేనూ చూశాను. నా కొడుకుని ఒకసారి గట్టు మీదికి తీసుకెళ్తే తప్పెట చూసి నవ్వాడు. అత్త వాడికి చీలా పెట్టింది.

మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళ కింద అత్త పొయ్యి ఆపేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ రేకుల కిందికి పోయాను. బూడిద కూడా తడిగా ఉంది. పద్నాలుగు మేకులూ ఉన్నాయి. తప్పెట్లలో చాలావాటికి తోలు ఎలకలు కొట్టేశాయి. పనికొచ్చేది ఒక్కటే మిగిలింది. "బాజావాలోఁ కో బులా లూఁ, భయ్యా?" అన్నాడు కొడుకు. బాజావాళ్ళు వద్దురా, మీ అమ్మకి మాటిచ్చాం అన్నాను. మాటిచ్చినవాళ్ళలో అక్కడున్నది నేనొక్కణ్ణే.

అత్త ఇంటి వాకిట్లో నిప్పు రాజేశారు. తప్పెట దానికి కాచాను. అత్తలాగే కణుపుతో కొట్టి చూశాను. పలికింది! గుండెకి కట్టుకుని రెండు చేతులా దరువేశాను. పాట ఎత్తుదామని నోరు తెరిస్తే ఒక్క ముక్క రాలేదు. ఏళ్ళ తరబడి వంత పాడిన నోరు. నా బతుక్కి సిగ్గు లేదు.

మూలనుంచి దీదీ అందుకుంది. అర్థం తెలియదు ఆమెకి, మాటలు తప్పుతున్నాయి, కానీ వరస అదే. పిండి రుబ్బుతూ విన్న పాట. మొదటి చరణం పాడి ఆగిపోయి నా మొహం చూసింది, తర్వాతిది నేనందుకుంటానని. నేను తల దించుకున్నాను. ఆమె మళ్ళీ అదే చరణం ఎత్తింది. అలా ఆ ఒక్క చరణంతోనే పాడె వెనక వీధి చివరిదాకా వచ్చాం. అక్కడ ఆడవాళ్ళు ఆగిపోయారు.

ఆ తర్వాత పాట లేదు, నా తప్పెటొక్కటే. చెరువు పక్కన దారి, చల్లగాలి. సగం దూరం పోకముందే తోలు మెత్తబడిపోయింది. ఎంత గట్టిగా కొట్టినా ఆనాటి తడిగుడ్డ చప్పుడే. మళ్ళీ కాద్దామంటే నిప్పు కొడుకు చేతిలో కుండలో ముందు పోతోంది. దాన్ని ఆగమని ఎలా అడుగుతాం?

అలాగే కొట్టుకుంటూ వెనక నడిచాను.