అత్తయ్య వేసిన నాలుగు పద్మాలు

మా అత్తయ్య పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. మూడో పీరియడు నడుస్తోంది. కీసర నుంచి సైకిలు మీద వచ్చిన ముసలి పాలేరు గుమ్మంలో నిలబడి, "అమ్మగారు పొద్దున చేలోకి క్యారేజీ సర్దుతా ఒరిగిపోయారమ్మా" అన్నాడు. పిల్లలకి ఏం చెప్పాలో తెలియక, "ఎక్కాలు రాసుకోండి" అని బయటికి వచ్చేశాను. "నీకసలే మాటలు తక్కువ. అవసరానికి ఆ ఉన్నవీ రావు" అనేది అత్తయ్య. ఆ రోజు కూడా రాలేదు.

ఆవిడ మా మేనమామ భార్య. నాన్న ఉద్యోగం ఊళ్ళు తిరిగేది కావడంతో నేను కాన్వెంటు హాస్టల్లో పెరిగాను. నందిగామ బడిలో ఉద్యోగం దొరికాక మామయ్య వాళ్ళింటికి చేరాను. కీసర దగ్గర, మునేటి ఒడ్డుకి కాస్త ఇవతల, మిరప చేల మధ్య ఉన్న ఇల్లది. పిల్లలు లేని ఇల్లు. పళ్ళెం పక్కన పుస్తకం పెట్టుకుని తినే నన్ను అత్తయ్య వారం రోజులు చూసింది.

"అన్నం దగ్గర మాట్లాడవేమే?"

"హాస్టల్లో మాట్లాడనివ్వరు అత్తయ్యా."

"అన్నం దగ్గర కాకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటారే మనుషులు? బడిలో నీకు స్నేహితులెవరూ లేరూ?"

అప్పుడే కొత్తగా పరిచయమైన ఇద్దరి సంగతి చెప్పాను. ఒకరు కుట్టు టీచరు, మా బంధువర్గమే. రెండోవారు ఎస్తేరు టీచరు. లెక్కలు చెప్పేవారు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆవిడా చదివారు. నా అంతట నేను వెళ్ళి పలకరించిన మొదటి మనిషి ఆవిడే.

మర్నాడే అత్తయ్య మిరపకాయల కొట్టు ఖాళీ చేయించింది. "వసారాలో అందరి ముందూ తింటే మాటలేం సాగుతాయి? మీకో గది కావాలి" అంది. పుట్టిల్లు జగ్గయ్యపేట నుంచి సున్నం తెప్పించి, నీలిమందు కలిపి, మూడు పూతలు తనే దగ్గరుండి వేయించింది. పాత వెంకటగిరి చీర చింపి కిటికీకి తెర కట్టింది. ఎడ్లబండి చక్రాలకి వేయగా మిగిలిన ఎర్రరంగు, పసుపురంగు డబ్బాలు తీసి, సిమెంటు నేల మీద పీటంత పద్మాలు నాలుగు వేసింది, ఎదురెదురుగా రెండేసి. ఒక్కోటీ ఒకరు కూర్చునే చోటు. మామయ్య తొంగి చూసి, "గదికి కూడా చక్రాలు బిగిస్తావా ఏంటి?" అన్నాడు.

"ముగ్గురికి నాలుగెందుకు అత్తయ్యా?"

"నేను కూర్చోవద్దుటే? వడ్డన కాగానే నేనూ మీతోనే."

మూడు పూతలు వేసినా మిరపకాయ ఘాటు గోడల్లోంచి పోలేదు. గడప దాటిన వాళ్ళల్లా తుమ్మేవాళ్ళు. అత్తయ్య వంటింట్లోంచే "చిరంజీవ!" అని కేకేసేది. ఎవరు తుమ్మారో కూడా చూసేది కాదు.

ఆ గది వెనక ఉన్న సంగతి, వాళ్ళిద్దరూ భోజనానికి వచ్చే ముందు రోజు చెప్పింది. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో క్రైస్తవులు ఎవరైనా భోజనానికి వస్తే వసారాలో విడిగా ఆకు వేసేవారు. తిన్నాక వాళ్ళ ఆకు వాళ్ళే తీసి అవతల పారేసుకోవాలి. మిగతా వాళ్ళ ఆకులు ఇంటివాళ్ళు తీసేవారు. "నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మ కూడా మా వసారాలో అట్లాగే తన ఆకు తను తీసుకుని పోయింది. నాకు పదేళ్ళు. చూస్తా కూర్చున్నా" అంది అత్తయ్య. "ఈ గదిలో అందరి ఆకులూ నేను తీస్తా."

విన్నాను. విన్నానని అనుకున్నాను.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. గడపలో ఎస్తేరు టీచరు వరసగా మూడు తుమ్ములు తుమ్మారు. "చిరంజీవ! చిరంజీవ! ఇంకోటుందా టీచరుగారూ?" అంటూ అత్తయ్య గరిటెతో బయటికొచ్చింది. అందరం నవ్వాం. గోంగూర పచ్చడి, వంకాయ కూర, గడ్డపెరుగు. అన్నం దగ్గర నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఏం తప్పు మాట్లాడతానో అని భయపడకుండా మాట్లాడాను.

అదే ఊపులో, తినడం అయ్యాక, పక్కనున్న ఎస్తేరు టీచరుతో, "ఆకు తీసేద్దాం రండి టీచర్" అన్నాను. కాన్వెంటులో ఎవరి పళ్ళెం వాళ్ళు తీసి కడగడమే మర్యాద. పదేళ్ళ అలవాటు. నేనూ లేవబోయాను గానీ, నా ఆకు అప్పటికే అత్తయ్య చేతిలో ఉంది. కుట్టు టీచరు కూర్చునే ఉన్నారు. ఎస్తేరు టీచరు ఒక్కరే తన ఆకు మడిచి పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య, "అయ్యో, ఇటివ్వండమ్మా" అని చెయ్యి చాపింది. ఆవిడ ఇవ్వలేదు. దొడ్లోకి వెళ్ళి పారేసి, చెయ్యి కడుక్కుని, "వంట చాలా బాగుందండీ" అన్నారు. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయారు.

"ఆవిడ చేత ఆకెందుకు తీయించావే?" అంది అత్తయ్య.

కాన్వెంటు సంగతి చెప్పాను. అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"నాక్కాదు, ఆవిడకి చెప్పు ఈ మాట. రేపే చెప్పు."

సోమవారం స్టాఫ్ రూములో ఎస్తేరు టీచరు నాకెదురుగా కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచాను. పేజీ తిప్పకుండా గంట కొట్టేదాకా ఉన్నాను. చెబితే తప్పు ఒప్పుకున్నట్టు, చెప్పకపోతే ఆవిడే మర్చిపోతారన్నట్టు ఏదో పిచ్చి లెక్క. సాయంత్రం అత్తయ్య, "చెప్పావా?" అంది. మర్నాడూ అడిగింది. నెల రోజులు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ ఇంత కష్టం లేదు. ఏడాది తిరక్కుండా ఎస్తేరు టీచరుకి జి.కొండూరు బదిలీ అయింది.

కుట్టు టీచరు వస్తూనే ఉన్నారు. ముగ్గురం తింటూనే ఉన్నాం, ఆరేళ్ళు. ఎస్తేరు టీచరు కూర్చున్న నాలుగో పద్మం మీద అత్తయ్య ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఒకసారి మామయ్య కూర్చోబోతే, "అది టీచరుగారిది, లేవండి" అంది. ఏటా సున్నం వేయించినప్పుడు ఆ పద్మం మీద గోనె కప్పించేది, సున్నం చుక్క పడకుండా. నేను చూస్తుండగా మాత్రం కప్పించేది కాదు. నేను బడికి వెళ్ళాకే ఆ పని.

అత్తయ్య పోయిన అయిదో రోజున ఎస్తేరు టీచరు వచ్చారు. కుట్టు టీచరు చెప్పారట. జి.కొండూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. జుట్టు కాస్త నెరిసింది. మామయ్యని పలకరించి నా దగ్గరికొచ్చి, "ఆ గది ఉందా ఇంకా?" అన్నారు.

తీసుకెళ్ళాను. నేల మీద మూడు పద్మాలు అరిగిపోయి ఉత్త సిమెంటు కనబడుతోంది. నాలుగోది నిన్న వేసినట్టుంది.

"ఇదొక్కటీ ఇట్లా ఉందేంటి?"

అప్పుడు చెప్పాను. కాన్వెంటు పళ్ళేలు, పదేళ్ళ అలవాటు, అత్తయ్య "చెప్పావా" అని అడగడం, అన్నీ. నాలుగు మాటలు కూడా పట్టలేదు. ఆరేళ్ళు ఆపింది ఇంతేనా అనిపించింది.

ఆవిడ గడపలోంచే పద్మం వంక చూశారు. "మీ అత్తయ్యగారు చెయ్యి చాపారు. నేనే ఇవ్వలేదు" అన్నారు. "ఇంటికెళ్ళి మా అమ్మకి కూడా చెప్పలేదు ఆ రోజు సంగతి. నువ్వొక్క మాట చెప్పి ఉంటే ఎన్నిసార్లు వచ్చేదాన్నో."



ఆవిడ చెప్పులు గడప బయట వదిలి, లోపలికి వచ్చి, చీర సర్దుకుని ఆ పద్మం మీద కూర్చున్నారు. నేను నా చోట కూర్చున్నాను. ఆకులు లేవు, అన్నం లేదు. కిటికీ తెర గాలికి కొద్దిగా కదులుతోంది. ఉన్నట్టుండి ఆవిడకి తుమ్ము వచ్చింది.

ఇద్దరం తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశాం. చూస్తూ ఉండిపోయాం.